చవి చచ్చిన నోటికి పథ్యము
జ్వరపడి నోరు చవి చచ్చినవానికి చప్పిడి జావయే పరమపథ్యమని మన యిండ్లలో పెద్దలు విధించు శాసనము జీర్ణకోశమునకు హితమే కావచ్చును గాని, 2020లో కోవిడ్ వ్యాపించి లక్షలాది జనులకు వాసనను, రుచిని ఒక్కమారుగా నపహరించిన పిదప, దానిని పునర్విమర్శింపవలసి యున్నదని నా యభిప్రాయము. మనము రుచి యనుకొనుదానిలో నధికభాగము ఘ్రాణమే. ముక్కులోపలి పొర దెబ్బతిన్నప్పుడు ఇంగువపోపు, నేతిపరిమళము నిరర్థకములగును గాని, మిరియపు ఘాటు, అల్లపు మంట వేరొక నాడీమార్గమున మెదడును జేరును గనుక చాలమందికి నిలిచియే యుండును. కావున మిరియాల చారు, నిమ్మరసము పిండిన పెసరకట్టు, పంటిక్రింద కరకరలాడు కాల్చిన అప్పడము (గొంతునొప్పి లేనిచో సుమా!) వడ్డించుట మేలు; ఉప్పు చాలలేదని రోగి మరల మరల చల్లుకొనుచుండెనేని, అతడు రక్తపుపోటు గలవాడైనచో, ఉప్పుగిన్నెను మాత్రము నిర్దాక్షిణ్యముగా దూరము జరుపవలెను.