అడుగు లెక్కపెట్టుకుని గెలిచినవాడు

గోల్ఫ్ అనగానే పచ్చిక బయళ్లు, తెల్లటి టోపీలు, తీరిక దొరికిన పెద్దమనుషులు గుర్తొస్తారు. భిలాయ్‌లోని పవర్ హౌస్‌లో ఆ మాటెత్తితే నవ్వేవాళ్లే ఎక్కువ. రైల్వే స్టేషన్, బజారు, షిఫ్టు వేళకు పరుగులు తీసే సైకిళ్లు, స్కూటర్లు... అక్కడి జీవితం ఉక్కు చుట్టూ అల్లుకుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించాక ఈ పట్టణానికి బతుకుదెరువు కోసం వచ్చి స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. అయినా ఒక గోల్ఫ్ క్రీడాకారుడి కథ ఈ ఊరికి తేలిగ్గానే అర్థమవుతుంది. దెబ్బతిన్న ఒళ్లుతో మళ్లీ పనిలోకి వెళ్లడమెలా అన్నదే ఆ కథలోని అసలు ప్రశ్న. ఉక్కు పట్టణానికి ఆ ప్రశ్న కొత్తది కాదు.

ఆ క్రీడాకారుడు బెన్ హోగన్. అమెరికాలోని టెక్సస్‌లో 1912లో పుట్టాడు. తండ్రి కమ్మరి. 1922లో ఆయన ఆత్మహత్య చేసుకునేనాటికి బెన్‌కు తొమ్మిదేళ్లు. ఇల్లు గడవడానికి ఆ పిల్లవాడు ఫోర్ట్‌వర్త్ రైల్వే స్టేషన్‌లో పేపర్లు అమ్మాడు. పదకొండో ఏట ఒక గోల్ఫ్ క్లబ్బులో కేడీగా చేరాడు. అంటే ఆడేవాళ్ల సంచులు మోసే పని. పదిహేడేళ్లకు ప్రొఫెషనల్‌గా మారినా చేతిలో డబ్బులైపోయి ఇంటికి తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. ఒంటరిగా తొలి టోర్నమెంట్ గెలవడానికి 1940 దాకా పట్టింది. ఆ తర్వాత మాత్రం వెనుదిరిగి చూడలేదు. 1948లో ఏకంగా 10 టోర్నమెంట్లు గెలిచాడు. 1949 జనవరిలో టైమ్ పత్రిక అతన్ని ముఖచిత్రంగా వేసింది.

నెల తిరక్కుండానే అంతా తలకిందులైంది. 1949 ఫిబ్రవరి 2 ఉదయం దట్టమైన పొగమంచులో హోగన్, భార్య వ్యాలరీ కారులో ఇంటికి వెళుతున్నారు. టెక్సస్‌లోని వాన్ హార్న్ దాటాక ఒక వంతెన మీద లారీని దాటబోయిన గ్రేహౌండ్ బస్సు వారి కారును ఎదురుగా ఢీకొంది. ఢీకొనే క్షణంలో హోగన్ భార్యకు అడ్డంగా పడ్డాడు. స్టీరింగ్ కమ్మీ అతని సీటులోంచి దూసుకుపోయింది. భార్యను కాపాడబోయి తన ప్రాణమూ దక్కించుకున్నాడు. కటి ఎముక రెండుచోట్ల విరిగింది. కాలర్ ఎముక, ఎడమ చీలమండ విరిగాయి. పక్కటెముకా దెబ్బతింది.

అసలు గండం ఆస్పత్రిలో ఎదురైంది. కాళ్లలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల వైపు ప్రయాణించడం మొదలుపెట్టింది. న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఆల్టన్ ఆష్నర్, శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తాన్ని చేర్చే పెద్ద సిరను కట్టివేశారు. ప్రాణం నిలిచింది. కానీ ఆ తర్వాత రక్తం చిన్న సిరల గుండా దారి వెతుక్కోవాల్సిందే. కాళ్ల వాపు, నొప్పి జీవితాంతం తోడయ్యాయి. ఎల్ పాసో ఆస్పత్రి నుంచి ఏప్రిల్ 1న ఇంటికి బయల్దేరేనాటికి హోగన్ బక్కచిక్కిపోయాడు. మళ్లీ నడవడమే అనుమానమనుకున్న మనిషి ముందుగా ఇంట్లోనే అడుగులు వేయడం నేర్చుకున్నాడు.

1950 జనవరిలో లాస్ ఏంజెలిస్ ఓపెన్‌లో బరిలోకి దిగాడు. శామ్ స్నీడ్‌తో సమానంగా నిలిచి ప్లేఆఫ్‌లో ఓడాడు. జూన్‌లో మెరియన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్ అసలు పరీక్ష. అప్పట్లో చివరి రోజున 36 హోల్స్ ఆడాలి. అంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడకే. చివరి హోల్‌కు వచ్చేసరికి హోగన్ కాళ్లు సహకరించడం మానేశాయి. అయినా వన్ ఐరన్ కర్రతో కొట్టిన ఒకే ఒక్క దెబ్బతో బంతిని గ్రీన్ మీదికి చేర్చి ప్లేఆఫ్‌లో చోటు దక్కించుకున్నాడు. మర్నాడు మరో 18 హోల్స్ నడిచి లాయిడ్ మాంగ్రమ్‌ను, జార్జ్ ఫాజియోను ఓడించాడు. ప్రమాదం జరిగి అప్పటికి 16 నెలలు. హాలీవుడ్ మర్నాటి ఏడే అతని జీవితాన్ని సినిమాగా తీసింది.

ఇలాంటి కథ వినగానే ‘సంకల్పబలం’ అన్న మాట నోటికొస్తుంది. ఆ బలం లేదనలేం. కానీ హోగన్‌ను నిలబెట్టింది అదొక్కటే కాదు. అతను తన ఒంటిని కొత్తగా లెక్కగట్టుకున్నాడు. ఆడేరోజు ఉదయం ఎప్సమ్ ఉప్పు వేసిన వేడినీళ్లలో చాలాసేపు కూర్చునేవాడు. కాళ్లకు సాగే పట్టీలు బిగించుకునేవాడు. ఒకప్పుడు ఊరూరా తిరిగి ఆడినవాడు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని టోర్నమెంట్లకే పరిమితమయ్యాడు. అప్పటికే రెండుసార్లు గెలిచిన పీజీఏ చాంపియన్‌షిప్‌ను కాళ్లు ఓర్వలేవని ఏళ్ల తరబడి వదులుకున్నాడు. ఎందుకంటే అందులో రోజుకు 36 హోల్స్ ఆడాల్సిన రోజులు ఎక్కువ.

ఈ పొదుపు ఫలితం 1953లో కనిపించింది. ఆ ఏడాది ఆరు టోర్నమెంట్లు ఆడి ఐదు గెలిచాడు. వాటిలో మూడు మేజర్లు: మాస్టర్స్, యూఎస్ ఓపెన్, స్కాట్లాండ్‌లోని కార్నూస్టీలో బ్రిటిష్ ఓపెన్. ఆ యూఎస్ ఓపెన్ జరిగిన ఓక్‌మాంట్ మైదానం అమెరికా ఉక్కు రాజధాని పిట్స్‌బర్గ్ పక్కనే ఉంది. దాన్ని నిర్మించిన హెన్రీ ఫౌన్స్ ఉక్కు వ్యాపారే. హోగన్ గెలిచిన తొమ్మిది మేజర్లలో మూడు ప్రమాదానికి ముందువి, ఆరు ఆ తర్వాతివి. అంటే దెబ్బతిన్న కాళ్లే రెట్టింపు సంపాదించాయి.

హోగన్ 1997 జూలైలో కన్నుమూశాడు. అదే ఏడాది డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో ఓ తెలుగు కుటుంబంలో సాహిత్ తీగల పుట్టాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. సాహిత్ వెన్నెముక పక్కకు వంగి ఉంటుంది. ఆ వంపును దాచకుండా దానికి తగ్గట్టే తన స్వింగ్‌ను మలచుకున్నాడు. పెపర్డైన్ యూనివర్సిటీలో చదువుతుండగా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగి 2018-19 సీజన్ ఆటకు దూరమయ్యాడు. తిరిగొచ్చాక 2020లో అమెరికా కాలేజీ గోల్ఫ్‌లో అత్యున్నత పురస్కారాలు మూడూ అతనికే దక్కాయి. వాటిలో ఒకటి బెన్ హోగన్ పేరు మీద ఇచ్చేదే. 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. హోగన్ గాయంతో దీనికి పోలిక లేదు. ఒంటిని బట్టి ఆటను దిద్దుకోవడంలో మాత్రం పోలిక ఉంది.

అయితే హోగన్ కథను మరోలా వాడుకునే ప్రమాదమూ ఉంది. ‘అతను నడిచాడుగా, నువ్వెందుకు నడవలేవు?’ అని అడగడం తేలిక. కేసీ మార్టిన్ అనే అమెరికన్ గోల్ఫర్‌కు పుట్టుకతోనే కుడికాలిలో రక్తప్రసరణ లోపం ఉంది. బండి మీద తిరుగుతూ ఆడనివ్వమంటే పీజీఏ టూర్ ఒప్పుకోలేదు. నడక ఆటలో భాగమని ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్ వంటి దిగ్గజాలు సాక్ష్యమిచ్చారు. 2001 మే 29న అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో మార్టిన్ పక్షాన నిలిచింది. బంతిని కొట్టే నేర్పే గోల్ఫ్‌కు ప్రాణమనీ, నడక కాదనీ తేల్చింది. హోగన్‌కు ఇలాంటి తీర్పు అవసరం రాలేదు. ఏ టోర్నమెంట్ ఆడాలో, ఏది మానాలో అతనే నిర్ణయించుకోగలిగాడు. గొప్ప వైద్యుడు దొరికాడు, పక్కన భార్య ఉంది, కోలుకునేదాకా ఇల్లు గడిచింది.

షిఫ్టు పనిచేసే మనిషికి ఆ వెసులుబాటు ఉండదు. 2018 అక్టోబర్ 9న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో గ్యాస్ పైపులైను పేలి పదిమందికి పైగా మరణించారు. మరికొందరు కాలిన గాయాలతో సెక్టార్ 9 ఆస్పత్రిలో చేరారు. మరణాలు వార్తల్లోకి ఎక్కుతాయి. బతికి బయటపడ్డవారి తర్వాతి పదేళ్ల గురించి రాసేవారు తక్కువ.

చట్టం ఈ విషయంలో కొంత ముందుచూపు చూపింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగితే ఆ ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలను ఆదేశిస్తోంది. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పని ఇవ్వాలి. అలాంటి ఖాళీ లేకపోతే అదనపు పోస్టులోనైనా కొనసాగించాలి. 1995 చట్టంలోనూ ఈ నిబంధన ఉండేది. మనిషిని పనికి తగ్గట్టు విరగ్గొట్టకుండా, పనినే మనిషికి తగ్గట్టు సర్దడం దీని సారాంశం. హోగన్ తనకు తాను చేసుకున్నదీ అదే. కానీ ఈ హామీ ప్రభుత్వ సంస్థల సొంత ఉద్యోగులకే. ప్రైవేటు ఫ్యాక్టరీలో, కాంట్రాక్టర్ కింద పనిచేసేవారికి ప్రమాదం జరిగితే చట్టప్రకారం పరిహారం వస్తుంది. తిరిగి పని దొరుకుతుందన్న భరోసా మాత్రం అంత గట్టిది కాదు. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ఇద్దరిలో ఒకరికి రెండో అవకాశం హక్కు, ఇంకొకరికి అదృష్టం.

బెన్ హోగన్‌ను తలచుకోవడమంటే అతని మొండితనాన్ని మెచ్చుకోవడంతో ఆగిపోవడం కాదు. మెరియన్‌లో అతను గెలిచింది రోజంతా నడిచినందుకే కాదు, ఆ నడక కోసం ఎన్నో నడకలు మానుకున్నందుకు కూడా. ఆ మానుకునే వీలు అతనికి ఉంది. అది లేనివారికి కల్పించాల్సిన బాధ్యత వారి గుండెనిబ్బరం మీద వేయలేం. పని ఇచ్చేవారు, చట్టం చేసేవారు దాన్ని మోయాలి.