అతుకుల బొంత లాంటి గుమ్మటం

నలుచదరపు పెట్టె మీద గుండ్రటి మూకుడు బోర్లించి చూడండి. నాలుగు మూలలా నాలుగు ఖాళీలు మిగిలిపోతాయి. మూకుడైతే ఫర్వాలేదు. దాని బదులు ముప్ఫై మీటర్లకు పైగా వెడల్పున్న ఇటుకల గుమ్మటాన్ని, నేలకు చాలా ఎత్తున కూర్చోబెట్టాలంటే? కింద హాల్లో ఒక్క స్తంభం కూడా అడ్డు రాకూడదంటే?

దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందట ఇద్దరు పండితుల ముందు నిలిచిన లెక్క ఇది. వాళ్లు ఆంథేమియస్, ఇసిడోర్. రేఖాగణితంలో దిట్టలు. వాళ్లు కట్టిందే ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా. గ్రీకు భాషలో ఆ మాటకు ‘పవిత్ర జ్ఞానం’ అని అర్థం.

ఈ కట్టడం వెనక పెద్ద రక్తపాతమే ఉంది. అప్పట్లో ఆ ఊరి పేరు కాన్‌స్టాంటినోపుల్. తూర్పు రోమన్ సామ్రాజ్యానికి రాజధాని. దాన్నే తర్వాతి కాలంలో బైజాంటిన్ సామ్రాజ్యం అన్నారు. ఆ ఊళ్లో రథాల పందేలంటే జనానికి పిచ్చి. నీలి జట్టు, పచ్చ జట్టు అంటూ ఊరంతా రెండుగా చీలి కొట్టుకునేది. అలాంటిది 532 జనవరిలో రెండు జట్లూ ఏకమై చక్రవర్తి జస్టీనియన్ మీదే తిరగబడ్డాయి. ‘నీకా’... అంటే ‘గెలుపు’ అని అరుస్తూ నగరాన్ని తగలబెట్టాయి. అక్కడున్న పాత చర్చి బూడిదైంది. చక్రవర్తి ఓడెక్కి పారిపోదామనుకుంటే, రాణి థియొడోరా ఆపింది. ఆ తర్వాత సైన్యం పందేల మైదానంలో జనాన్ని చుట్టుముట్టింది. ముప్ఫై వేల మంది చనిపోయారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ లెక్క.

నలభై రోజులైనా తిరక్కుండానే, ఫిబ్రవరి 23న, కొత్త చర్చికి పని మొదలైంది. గ్రీసు నుంచి పచ్చ పాలరాయి, ఈజిప్టు నుంచి ఊదా రంగు రాయి, దగ్గర్లోని దీవి నుంచి తెల్లరాయి తెప్పించారు. 537 డిసెంబరు 27 నాటికి చర్చి సిద్ధం. అంటే ఆరేళ్లు కూడా పట్టలేదు!

ఇంతకీ ఆ నాలుగు మూలల సంగతేం చేశారు? నాలుగు భారీ రాతి దిమ్మెలు లేపి, వాటి మధ్య నాలుగు కమానులు కట్టారు. కమానుల మధ్య మూలల్లో, లోపలికి వంగిన త్రికోణాల్లా ఇటుక పని చేశారు. కింద నలుచదరంగా ఉన్నది పైకి వెళ్లేసరికి గుండ్రంగా మారింది. గుమ్మటం దాని మీద కూర్చుంది. బరువంతా త్రికోణాల మీదుగా దిమ్మెల్లోకి దిగుతుంది. గుమ్మటం అంచున చుట్టూ 40 కిటికీలు పెట్టారు. వెలుగు పడితే ఆ అంచు కనిపించదు. గుమ్మటం గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.

చూడముచ్చటగానే ఉంది. కానీ తొందర పని! ఇటుకకూ ఇటుకకూ మధ్య దాదాపు ఇటుకంత మందాన సున్నం వేశారు. అందులో ఇటుకల పొడి కలిపారు. మన పాతకాలం ఇళ్లకు వాడిన సుర్ఖీ లాంటిదే. గట్టిదే కానీ, ఆరడానికి చాలాకాలం పడుతుంది. అది పూర్తిగా గట్టిపడక ముందే మీద బరువు పడింది. దిమ్మెలు బయటికి ఒరిగాయి. 557లో భూకంపం వచ్చింది. 558 మేలో గుమ్మటంలో పెద్ద భాగం కుప్పకూలింది. కట్టించిన చక్రవర్తి బతికుండగానే!

మళ్లీ కట్టే పని ఇసిడోర్ బంధువైన చిన్న ఇసిడోర్ మీద పడింది. అతను గుమ్మటం ఎత్తును సుమారు ఆరు మీటర్లు పెంచాడు. కూలినదాన్ని ఇంకా ఎత్తుగా కట్టడమేమిటి అనిపిస్తుంది కదూ! గోడకు నిచ్చెన మరీ వాలుగా వేస్తే కింద కాలు జారిపోతుంది. నిటారుగా వేస్తే బరువు నేలకే దిగుతుంది. గుమ్మటమూ అంతే. చదునుగా ఉంటే పక్కలకు తోస్తుంది, ఎత్తుగా ఉంటే కిందికి తోస్తుంది. 562లో చర్చి మళ్లీ తెరుచుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 989 భూకంపంలో పడమటి వైపు కూలితే త్రదాత్ అనే ఆర్మేనియా శిల్పి బాగుచేశాడు. 1346లో తూర్పు వైపు కూలింది. దాన్నీ కట్టారు. కాబట్టి ఇవాళ మనం చూసేది ఒకే గుమ్మటం కాదు. ఉత్తర, దక్షిణాల్లో ఆరో శతాబ్దపు ముక్క, పడమర పదో శతాబ్దపు ముక్క, తూర్పున పద్నాలుగో శతాబ్దపు ముక్క. అచ్చంగా అతుకుల బొంత! పూర్తి గుండ్రం కూడా కాదు, కాస్త కోలగా ఉంటుంది.

ఈలోగా యజమానులూ మారారు. 1204లో నాలుగో క్రూసేడు సైనికులు, తామూ క్రైస్తవులే అయినా, ఈ చర్చిని దోచుకున్నారు. 1453లో నగరాన్ని గెలిచిన ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మద్ దీన్ని మసీదు చేశాడు. పడగొట్టలేదు. పదహారో శతాబ్దంలో ఒట్టోమన్ల ప్రసిద్ధ శిల్పి సినాన్ బయట ఊతగోడలు కట్టి బలం చేకూర్చాడు. 1847-49 మధ్య స్విట్జర్లాండుకు చెందిన ఫొసాటి సోదరులు సుల్తాను ఆదేశం మీద గుమ్మటానికి మరమ్మతులు చేశారు. సున్నం కింద కప్పడిపోయిన మొజాయిక్ బొమ్మలను తెరిచి, నమోదు చేసుకుని, మళ్లీ కప్పేశారు. 1934లో టర్కీ ప్రభుత్వం దీన్ని మ్యూజియంగా మార్చాలని నిర్ణయించింది. 2020 జులైలో మళ్లీ మసీదైంది. అప్పుడు సంతోషించినవాళ్లున్నారు, నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

కట్టించినవాడిగా జస్టీనియన్ పేరే అందరికీ తెలుసు. కానీ ఆయన కట్టించిన మొదటి గుమ్మటం నిలిచింది ఇరవయ్యేళ్లే. మిగతా కాలమంతా దాన్ని నిలబెట్టింది మరమ్మతులు చేసినవాళ్లు. వాళ్లలో క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, పొరుగు దేశాలవాళ్లున్నారు.

ఆ పని ఇంకా ఉంది. ఇస్తాంబుల్‌కు దగ్గర్లో, మర్మరా సముద్రం అడుగున భూకంపాలు పుట్టించే పగులు ఉంది. అందుకే 2025లో గుమ్మటాన్ని పటిష్ఠం చేసే పనులు మొదలుపెట్టారు. 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకులను టికెట్టు మీద పై గ్యాలరీలోకి పంపుతున్నారు. ఎప్పుడైనా అటు వెళ్తే, పిల్లలకు ముందుగా ఆ మూలల్లోని త్రికోణాలు చూపించండి. తర్వాత గుమ్మటంలో అతుకులు ఎక్కడున్నాయో వెతకమనండి.