కుదురు పెట్టాల్సింది మనమే

సాయంత్రం ఆరు గంటలు. నగరంలో ఏ కాలనీలోనైనా కనిపించే పిల్లల థెరపీ సెంటర్. లోపల ఎనిమిదేళ్ల బాబు థెరపిస్టు ఎదుట కూర్చుని పూసలు గుచ్చుతున్నాడు. బయట ప్లాస్టిక్ కుర్చీలో తల్లి, ఒళ్లో స్కూలు బ్యాగు. బ్యాగులోని డైరీలో ఎర్ర సిరాతో ఆ వారం మూడోసారి అదే మాట: ‘క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదు.’ నలభై అయిదు నిమిషాలకు తలుపు తెరుచుకుంటుంది. ‘ఈరోజు బాగా చేశాడమ్మా’ అంటుంది థెరపిస్టు. తల్లి చేతికి దక్కే చికిత్స ఆ ఒక్క ముక్కే. ఏడున్నరకు ఇంట్లో హోంవర్కు దగ్గర మళ్లీ అరుపులు, ఏడుపులు. వారంలో ఆ బాబు థెరపిస్టుతో గడిపేది గంటన్నర. మిగిలిన వారమంతా ఏం చేయాలో ఎవరూ చెప్పని పెద్దల మధ్యే. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉన్న పిల్లల విషయంలో మన పొరపాటంతా ఈ లెక్కలోనే ఉంది.

తెలుగులో కుదురు అంటే నిలకడ. నీళ్ల కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డి చుట్టనూ కుదురే అంటాం. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలబడలేదని ఎవరూ దాన్ని కొట్టరు, కింద కుదురు పెడతారు. ఈ పిల్లల చికిత్స గురించి దశాబ్దాల పరిశోధన చెబుతున్నదీ దాదాపు ఇదే. మార్చాల్సింది ముందు పిల్లవాడి చుట్టూ ఉన్న ఏర్పాటును.

1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, దీన్ని నైతిక నియంత్రణలో లోపంగా వర్ణించాడు. వైద్యం ఆ మాటను ఎప్పుడో దాటి వచ్చింది. ఇప్పుడు దీన్ని మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్యగా చూస్తోంది. మన ఇళ్లూ బళ్లూ మాత్రం అక్కడే ఆగాయి. కాలు నిలవని పిల్లవాడికి ‘అల్లరి’, కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయికి ‘పరధ్యానం’, మార్కులు తగ్గితే ‘తెలివుంది గానీ బద్ధకం’ అని తీర్పులు ఇచ్చేస్తాం. అల్లరి చేయని ఆడపిల్లల్లో ఈ సమస్య ఉన్నట్టే చాలా ఏళ్లు ఎవరికీ తట్టదు.

నింద చివరికి చేరేది తల్లి దగ్గరికే. ‘నీ గారాబమే వాణ్ణి పాడుచేసింది’ అంటారు. అదే ఇంట్లో నానమ్మ ‘వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు అచ్చం ఇంతే’ అంటుంది. తెలియకుండానే ఆమె శాస్త్రం చెప్పింది. కవలలపై జరిగిన అధ్యయనాల ప్రకారం ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర డెబ్బై శాతానికి పైనే. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లను పోల్చి చూస్తే, మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో పదిన్నరేళ్లు. తనను తాను అదుపు చేసుకోవడంలో పదేళ్ల పిల్లవాణ్ణి ఏడేళ్లవాడిగా లెక్కేసుకోమని మనస్తత్వవేత్త రస్సెల్ బార్‌క్లీ చెప్పే సూత్రం ఇంట్లో పెట్టుకోదగ్గది. ఏడేళ్లవాడు స్కూలు బ్యాగు తానే సర్దుకోలేదని మనం తిట్టం కదా!

2019లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్స మందులు కావు, తల్లిదండ్రులకు శిక్షణ. ఆ పైన మందులతో పాటు ఇంట్లో, తరగతిలో పద్ధతులు మార్చాలి. 1999లో వెలువడిన ఎంటీఏ అధ్యయనం 579 మంది పిల్లలను 14 నెలలు గమనించింది. ప్రధాన లక్షణాలను తగ్గించడంలో జాగ్రత్తగా నడిపిన మందుల చికిత్స ప్రవర్తన చికిత్స ఒక్కదాని కంటే మెరుగ్గా పనిచేసింది. ఈ నిజాన్ని దాచకూడదు. అయితే రెండూ కలిపి ఇచ్చిన పిల్లలకు తక్కువ మోతాదు మందే సరిపోయింది, తల్లిదండ్రులూ ఎక్కువ తృప్తి చెందారు. మూడేళ్లు గడిచి చూస్తే వేర్వేరు చికిత్సలు పొందిన బృందాల మధ్య తేడా చెరిగిపోయింది. అంటే ఇది ఆరు నెలల కోర్సుతో ముగిసేది కాదు, పిల్లవాడితో పాటు నడవాల్సిన ఏర్పాటు.

మరి ఆ శిక్షణలో తల్లిదండ్రులు నేర్చుకునేదేమిటి? వినడానికి చాలా చిన్నవే. ‘త్వరగా తయారవ్వు’ అని వంటింట్లోంచి కేకేస్తే ఆ మాటలో అయిదారు పనులున్నాయి, పిల్లవాడికి ఒక్కటీ అందదు. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, ‘ముందు సాక్సులు వేసుకో’ అనాలి. వేసుకోగానే ‘భలే, చెప్పగానే వేసుకున్నావ్’ అని అప్పటికప్పుడే అనాలి. ఇరవై లెక్కల హోంవర్కును అయిదేసి చొప్పున నాలుగు ముక్కలు చేసి, మధ్యలో రెండు నిమిషాలు గంతులేయనివ్వాలి. ఒక్కో ముక్కకు సీసాలో ఒక చింతపిక్క. పది పిక్కలైతే నాన్నతో సైకిల్ మీద ఒక చుట్టు. ‘ఏడాదంతా బాగా చదివితే సైకిల్ కొనిస్తా’ అనే వాగ్దానం ఈ పిల్లలకు పనిచేయదు. వాళ్లకు ఏడాది కనపడదు, ఈ పది నిమిషాలే కనపడతాయి.

ఇందులో బ్రహ్మవిద్య లేదు గానీ, రోజూ చేయడం కష్టం. ఉద్యోగం చేసి అలసి వచ్చిన తల్లికి మరీ కష్టం. తండ్రికీ అదే లక్షణముంటే పద్ధతి తప్పకుండా నడపడం ఇంకా కష్టం. అందుకే ఇది కరపత్రంతో వచ్చేది కాదు. వారం వారం కూర్చుని, చేసి చూసి, ఎక్కడ తప్పిందో చెప్పుకుని నేర్చుకోవాలి. తోటి తల్లిదండ్రులతో కలిసి కూర్చుంటే ‘మా ఒక్క ఇంట్లోనే ఇలా’ అన్న సిగ్గూ కరుగుతుంది.

బడిలోనూ పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫిర్యాదులకు వాడే ఆ డైరీనే తిప్పి వాడుకోవచ్చు. రోజుకు మూడే లక్ష్యాలు: చెయ్యెత్తి మాట్లాడటం, ఇచ్చిన పని మొదలుపెట్టడం, హోంవర్కు రాసుకోవడం. పీరియడ్ అయ్యాక టీచరు టిక్కు పెడితే, సాయంత్రం ఇంట్లో దానికి తగ్గ చిన్న బహుమతి. ముందు బెంచీలో చోటు, బోర్డు తుడిచే పని ఇచ్చి కాసేపు తిరగనివ్వడం కూడా మందులే. ‘దండం దశగుణం భవేత్’ ఇక్కడ పనిచేయదు. పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ 2009లోనే నిషేధించింది.

కౌమారం వచ్చేసరికి గంతులు తగ్గుతాయి, లోపలి అశాంతి మిగులుతుంది. చింతపిక్కలిస్తే నవ్వుతారు. వాళ్లతో చేసుకోవాల్సింది ఒప్పందం. ఫోన్ ఎన్ని గంటలు, బండి ఎప్పుడు, నిద్ర ఎప్పుడు అన్నవి ఇద్దరూ కూర్చుని రాసుకోవాలి. పని ముక్కలు చేసుకోవడం, సమయం అంచనా వేసుకోవడం నేర్పే కౌన్సెలింగ్ ఈ వయసులో ఉపయోగం. ఇలాంటి పిల్లలను పదో తరగతి కాగానే తెల్లవారుజామునుంచి రాత్రిదాకా స్టడీ అవర్లు నడిచే ఇంటర్ హాస్టళ్లలో పడేస్తే, కుదురు పెట్టాల్సిన ఇల్లే దూరమవుతుంది. అక్కడ ఓడిన పిల్లలు తమను తాము సోమరులనుకుంటారు.

‘అల్లరికి కూడా జబ్బు పేరా?’ అనేవారి అనుమానాన్ని కొట్టిపారేయలేం. తరగతిలో అందరికంటే చిన్న వయసు పిల్లలకే ఈ ముద్ర ఎక్కువగా పడుతోందని అనేక దేశాల అధ్యయనాలు తేల్చాయి. వయసు చాలకుండానే ఒకటో తరగతిలో వేసే మనకు అది హెచ్చరిక. నిర్ధారణకు రక్తపరీక్ష లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, ఆరు నెలలకు మించి, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. చూపు, వినికిడి, నిద్ర లోపాలు కావని తేలాలి. పావుగంటలో ముద్ర వేసే చోట జాగ్రత్త. అవసరమైన పిల్లలకు మందు దొరకడమూ కష్టమే. ఈ సమస్యకు వాడే మిథైల్‌ఫెనిడేట్, కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందుల జాబితాలో ఉంది. ప్రత్యేక లైసెన్సున్న దుకాణమే, రెండు ప్రతుల చీటీ మీదే అమ్మాలి. నియంత్రణ ఉండాల్సిందే. కానీ చిన్న ఊరి తండ్రికి అది నెలనెలా నగర ప్రయాణం.

ప్రభుత్వానికి కొత్త పథకం అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన 30 సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. గుర్తించిన పిల్లలను పంపడానికి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల ఏర్పాటూ అందులోనే ఉంది. అయితే ఆ కార్యక్రమం కింద పిల్లలను పరీక్షించే బృందాలు ప్రైవేటు బడుల గడప తొక్కవు. ఇక 2016 దివ్యాంగుల హక్కుల చట్టం లెక్కించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది గానీ ఏడీహెచ్‌డీ లేదు. పరీక్షలో అదనపు సమయం కావాలంటే సాధారణంగా మరో వైకల్యం తోడుండాలి. ఒక చట్రం గుర్తించిన పిల్లవాణ్ణి మరో చట్రం చూడనట్టు ఊరుకుంటోంది. ఈ పొంతన కుదర్చాలి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు కనుక, మన పిల్లల లెక్క మనమే తీసుకోవాలి.

అంతకంటే ముందు చేయగలిగింది ఒకటుంది. ప్రతి జిల్లా కేంద్రంలో ఆదివారం ఒక గది, పది కుర్చీలు, తెలుగులో మాట్లాడే ఒక సైకాలజిస్టు. ఆ కుర్చీల్లో పిల్లలు కాదు, వాళ్ల అమ్మానాన్నలు కూర్చోవాలి. వీలైతే నానమ్మ, క్లాసు టీచరు కూడా. బయట వరండాలో ఎదురుచూసిన తల్లికి ఆ గదిలో చోటు దొరికితే, ఏడున్నరకు హోంవర్కు దగ్గర ఆమె చేతిలో అరుపు బదులు ఒక చింతపిక్క ఉంటుంది.