చూపులేనివాళ్లకి ఇంకో యాప్ వద్దు, మీ బటన్లకి పేర్లు పెట్టండి చాలు

ఇంజనీరింగ్ ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే పేపర్లో ఓ వార్త ఖాయం: "అంధుల కోసం ప్రత్యేక యాప్". పక్కన ఫోటో, శాలువా, ప్రిన్సిపాల్ గారి చిరునవ్వు. మా నంద్యాల అయినా, హైదరాబాద్ హ్యాకథాన్ అయినా ఇదే తంతు. ఆర్నెల్లయ్యాక ఆ యాప్ ఏమైందయ్యా అంటే చెప్పే నాథుడుండడు.

ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరమే లేదని నేననను. సింబియన్ రోజుల్లో టాక్స్, మొబైల్ స్పీక్ లాంటివి విడిగా కొనుక్కుంటే గానీ నోకియా ఫోను స్క్రీన్ చదివి వినిపించేది కాదు. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన మణి యాప్ లాంటివి ఇప్పటికీ పనికొచ్చేవే. కానీ 2009లోనే కథ మారిపోయింది. ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్ 1.6లో టాక్‌బ్యాక్ వచ్చేశాయి. టాక్‌బ్యాక్ వెనక ఉన్న టి.వి. రామన్ గారు పుణెలో పెరిగిన మనిషి, పద్నాలుగేళ్లప్పుడు చూపు పోయింది. 2011లో ఆండ్రాయిడ్ 4.0తో తెర మీద వేలు జరుపుతూ వినే సౌకర్యమూ వచ్చింది. ఇప్పుడు తెలుగు గొంతు కూడా ఉంది. అంటే ఫోను ఎప్పుడో సిద్ధం. సిద్ధంగా లేనిది మనమే.

స్క్రీన్ రీడర్ బొమ్మని చూడదు. మనం రాసిన కోడ్ ఏం చెబితే అది చదువుతుంది. ఇమేజ్ బటన్ పెట్టి కంటెంట్ డిస్క్రిప్షన్ ఖాళీగా వదిలేస్తే, "లేబుల్ లేని బటన్" అంటుంది. డబ్బు పంపేదీ అదే, రద్దు చేసేదీ అదే! కాన్వాస్ మీద మన ఇష్టమొచ్చినట్టు గీసుకున్న కీప్యాడ్ అయితే, దానికి విడిగా కోడ్ రాయకపోతే, అసలు ఉన్నట్టే తెలీదు. స్ట్రింగ్స్ ఫైల్లో ఒక్క లైను రాయడానికి ఎంతసేపండీ?

ఆళ్లగడ్డలో మా మేనమామకి చూపు లేదు. ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు టాక్‌బ్యాక్‌తో తనే చూసుకుంటాడు. ఓ డబ్బులు పంపే యాప్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పక్కింటి కుర్రాణ్ణి పిలవాల్సిందే. "ఫోను నాది, డబ్బు నాది, పిన్ను మాత్రం వీధి వీధంతటిదీ రా అల్లుడూ" అంటాడు. నవ్వుతూనే అంటాడు, నాకు మాత్రం నవ్వు రాదు. పిన్ ఎవరికీ చెప్పొద్దని మనమే రోజుకో మెసేజ్ పంపిస్తాం. చెప్పక తప్పని పరిస్థితి తెచ్చిందీ మనమే.

ఈ మాటంటే ఆఫీసులో రెడీమేడ్ జవాబులుంటాయి. "అలాంటి యూజర్లు ఎంతమంది?" తెరిచిన రెండో నిమిషంలో యాప్ తీసేసినవాడు మీ లెక్కల్లోకి ఎలా వస్తాడు సారూ? "తర్వాతి స్ప్రింట్‌లో చూద్దాం." ఆళ్లగడ్డ శిల్పులు విగ్రహానికి కళ్లు చివర్న తెరుస్తారంటే అది శాస్త్రం. మనం యాక్సెసిబిలిటీని చివరికి నెట్టడం ఏ శాస్త్రం?

పోనీ ఇది దయాధర్మమా అంటే అదీ కాదు, చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకీ వర్తిస్తుంది. 2017లో నిబంధనలొచ్చాక రెండేళ్లు గడువిచ్చారు, అదీ ఎప్పుడో దాటిపోయింది. కెమెరా ముందు కళ్లు ఆర్పితేనే కేవైసీ అయ్యే పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితులు, చూపులేని ఓ లాయరు సుప్రీంకోర్టుకి వెళ్లారు. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని కోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చి, 20 ఆదేశాలిచ్చింది. కళ్లు ఆర్పమని కోడ్ రాసిందెవరు? మనలాంటి ఇంజనీర్లే కదా.

కాబట్టి శాలువాల సంగతి తర్వాత. ఈ సాయంత్రం మీ ఫోన్లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర మీద రుమాలు కప్పి, మీరే రాసిన యాప్‌లో ఓ పది రూపాయలు పంపి చూడండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఓ బగ్ రాయండి. ప్రయారిటీ దగ్గర "లో" అని మాత్రం పెట్టకండి. మా మామ పిన్ను ఇంకా వీధిలోనే ఉంది.