ఒకే ప్రయాణం, రెండు తూకాలు

విజ్ఞానశాస్త్రం ప్రపంచాన్ని ఇరుగుపొరుగు గ్రామాలంత దగ్గర చేసినదని మనం గర్వంగా చెప్పుకొంటాము. నెలల తరబడి సాగిన సముద్రయానం నేడు ఒక పగలు, ఒక రాత్రి విమానయానంగా కుదించుకొనిపోయినది. అయితే దూరం తగ్గినంత మాత్రాన ప్రయాణంలోని చిక్కులు తగ్గలేదు. వాటిలో చూపునకు అల్పమై, పేద ప్రయాణికునికి మాత్రం భారమైన చిక్కు ఒకటి ఉన్నది. అది సామాను తూకానికి సంబంధించినది. ఒకే గమ్యానికి రెండు వేర్వేరు విమాన సంస్థల ద్వారా పోయే ప్రయాణికుడు ఎన్ని కిలోలు వెంట తీసుకొనిపోవచ్చును? ఈ చిన్న ప్రశ్నకు సమాధానం తెలియక ఎందరో విద్యార్థులు, శ్రామికులు విమానాశ్రయాలలో నష్టపోతున్నారు. విద్యార్థి మిత్రుల దృష్టికి, కళాశాల పాలకవర్గం దృష్టికి ఈ విషయాన్ని తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విషయ స్వరూపాన్ని గ్రహించవలెను. విమానం అడుగు అరలో వేసే సామానుకు రెండు రకాల కొలతలు ఉన్నవి. మొదటిది మొత్తం బరువు పద్ధతి. ఇన్ని కిలోలు అని చెప్పి, ఆ పరిమితికి లోబడి సామాను సర్దుకొమ్మంటారు. రెండవది పెట్టెల లెక్క పద్ధతి. ఇన్ని పెట్టెలు, ఒక్కొక్కటి ఇంత బరువుకు మించరాదు అంటారు. అమెరికా ప్రయాణాలలో సాధారణంగా రెండవ పద్ధతే కనిపిస్తుంది. పెట్టె ఒక్కింటికి 23 కిలోలు అక్కడ పరిపాటి. గల్ఫ్ దేశాల ప్రయాణాలలో కిలోల లెక్క ఎక్కువ. మన దేశంలో ఊరికీ ఊరికీ మధ్య తిరిగే విమానాలలో పలు సంస్థలు సాధారణ తరగతి ప్రయాణికునికి 15 కిలోలు మాత్రమే ఉచితంగా అనుమతిస్తున్నవి.

ఈ భేదాలు ఉండుట తప్పు కాదు. ప్రతి కిలో బరువుకూ ఇంధనం ఖర్చగును. పరిమితి విధించే హక్కు సంస్థకు ఉన్నది. ఒకే ప్రయాణం మధ్యలో ఆ పరిమితి మారిపోవుట, మారునని ముందుగా ఎవరూ చెప్పకపోవుట, ఇదే మన అభ్యంతరం.

ఒక ఉదాహరణ చూడుడు. రెండు పెట్టెల అనుమతితో ఒక విద్యార్థి ఢిల్లీ నుండి అమెరికాకు టిక్కెట్టు కొన్నాడనుకొందాము. అతనికి లభించినది 46 కిలోలు. హైదరాబాదు నుండి ఢిల్లీకి చవకగా దొరికినదని వేరొక సంస్థ టిక్కెట్టు విడిగా కొన్నాడు. అక్కడ లభించునది 15 కిలోలు. అనగా బయలుదేరిన ఊరిలోనే 31 కిలోలు అదనపు భారంగా పరిణమించును. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఇచ్చట అక్షరాలా వర్తిస్తుంది. పుస్తకాలు తీసివేయవలెనా, చలికోటు తీసివేయవలెనా, తల్లి కట్టియిచ్చిన పచ్చడి సీసా తీసివేయవలెనా అని నేలమీద పెట్టె తెరచి కూర్చున్న పిల్లవానికి ఆలోచించే వ్యవధి కూడా ఉండదు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే దురవస్థ. నిజామాబాదు, కరీంనగర్, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు పోయిన శ్రామికుడు 30 కిలోలతో ముంబయిలో దిగి, అచ్చట విడిగా కొన్న టిక్కెట్టుపై విమానం ఎక్కబోతే సగం సామానుకు రుసుము అడుగుదురు. బిడ్డలకై కొన్న వస్తువుల వెల కంటె ఆ రుసుమే ఎక్కువ కావచ్చును.

ఇందుకు పరిష్కారం లేకపోలేదు. మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టుపై ఉన్నచో స్థితి వేరు. అయాటా అని పిలువబడే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఆమోదించిన 302వ తీర్మానం 2011 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. ఒకే టిక్కెట్టుపై పలు సంస్థలు పాల్గొన్నప్పుడు, వాటి నిబంధనలు భిన్నంగా ఉన్నచో, ప్రయాణంలో ప్రధానమైన భాగాన్ని నడిపే సంస్థ నిబంధనను ఆధారంగా తీసుకొనుట అందలి ముఖ్య సూత్రం. హైదరాబాదు నుండి ముంబయి మీదుగా జెడ్డాకు పోయే ప్రయాణంలో ముంబయి, జెడ్డాల మధ్య విమానం నడిపే సంస్థదే ఆ స్థానం. కావున అటువంటి టిక్కెట్టుపై మొదటి విమానానికి 15 కిలోలేనని భయపడవలసిన పని సాధారణంగా ఉండదు. అమెరికా ప్రభుత్వం మరొక అడుగు ముందుకు వేసినది. ఆ దేశంలో ఆరంభమయ్యే, లేక ముగిసే ప్రయాణం ఒకే టిక్కెట్టుపై ఉన్నచో మొదటినుండి తుదివరకు ఒకే పరిమితి, ఒకే రుసుము వర్తించవలెనని 2012 నుండి శాసించినది. టిక్కెట్టు ధ్రువపత్రంలో సామాను వివరాలు చూపవలెనని కూడా నియమించినది.

ఒక విషయంలో పొరబడరాదు. ఒకే టిక్కెట్టు అయినంత మాత్రాన సామాను దానంతట అదే గమ్యం చేరునని కాదు. అమెరికాలో మొదట దిగిన విమానాశ్రయంలోనే సాధారణంగా సామాను తీసుకొని, కస్టమ్స్ తనిఖీ ముగించి, మరల అప్పగించవలెను. విదేశం నుండి వచ్చి ముంబయిలోనో ఢిల్లీలోనో దిగి హైదరాబాదుకు మారేవారికి మన దేశంలోనూ సాధారణంగా ఇదే పద్ధతి. టిక్కెట్లు రెండైనప్పుడు చిక్కు ఇంకను పెద్దది. మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోయినచో, మా పూచీ లేదని రెండవ సంస్థ అనగలదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య!

న్యాయశాస్త్రం ఈ విషయాన్ని ఎట్లు చూచుచున్నది? 1999లో మాంట్రియల్‌లో కుదిరిన ఒడంబడికలో భారతదేశం 2009లో చేరినది. పలు సంస్థలు వరుసగా నడిపే ప్రయాణాన్ని ఉభయ పక్షాలు ఒకే కార్యంగా భావించినచో, ఒప్పందం ఒకటైనా, అనేకమైనా, అది అవిభాజ్యమైన రవాణాయే అని ఆ ఒడంబడిక ప్రథమ అధికరణం చెప్పుచున్నది. అట్టి ప్రయాణంలో సామాను పోయినచో మొదటి సంస్థనుగాని, చివరి సంస్థనుగాని, నష్టం జరిగిన భాగాన్ని నడిపిన సంస్థనుగాని ప్రయాణికుడు ప్రశ్నింపవచ్చును. సామాను చెడిపోయినచో అందిన 7 రోజులలో, ఆలస్యమైనచో చేతికి వచ్చిన నాటినుండి 21 రోజులలో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. నష్టపరిహారం విషయంలో ప్రయాణాన్ని ఒకటిగా చూడగలిగిన న్యాయం తూకం విషయంలో మాత్రం ఎందుకు రెండుగా చీలవలెను?

చవక టిక్కెట్టు కొన్నవాడు దాని షరతులకు కట్టుబడవలెనని కొందరు వాదింపవచ్చును. ఆ వాదంలో కొంత న్యాయం ఉన్నది. 15 కిలోల ధర చెల్లించి 46 కిలోలు మోయుమనుట ధర్మం కాదు. కాని షరతు తెలిసి ఒప్పుకొనుట వేరు, తెలియక చిక్కుకొనుట వేరు. రెండు టిక్కెట్లను జతచేసి ఒకే ప్రయాణంగా అమ్మే వ్యాపారి, ఇవి రెండు వేర్వేరు ఒప్పందాలనియు, రెండవచోట ఇంతే తూకం అనియు, అదనపు బరువుకు ముందుగా చెల్లించిన ఇంత రుసుమనియు సొమ్ము తీసుకొనక పూర్వమే చెప్పవలెను. అది కొనువానికి అర్థమగు భాషలో చెప్పవలెను. ఈ మేరకు ప్రభుత్వం గట్టి నిబంధన విధించి అమలు జరిపించుట అవసరం. తూకం తగ్గించే స్వేచ్ఛ సంస్థకు ఉండుగాక. దాచే స్వేచ్ఛ ఎవరికీ ఉండరాదు.

అంతవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. టిక్కెట్టు కొనుటకు ముందు ప్రతి విద్యార్థీ మూడు ప్రశ్నలు అడుగవలెను: టిక్కెట్టు ఒకటా, రెండా? ప్రతి విమానానికీ ఎదురుగా వ్రాసిన తూకం ఎంత? సామానుకు కట్టే చీటీ ఏ ఊరి వరకు? ఈ మూడింటికీ సమాధానం కాగితంపై లభించనిచో సొమ్ము చెల్లింపరాదు.

కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. మన విద్యార్థులలో పలువురి ఇండ్లలో ఈ ప్రయాణం చేయువారు వారే మొదటివారు. ఇంటిలో చెప్పువారు లేరు, ఏజెంటు చెప్పడు. ఏటా ప్రవేశాల కాలానికి ముందు ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఒక పుట సూచనలు అచ్చువేసి ప్రకటన ఫలకంపై ఉంచుటకు, విదేశాలలో చదివి వచ్చిన పూర్వ విద్యార్థులచే ఒక గంట ప్రసంగం ఏర్పాటు చేయుటకు పెద్ద వ్యయం కాదు. చదువుకై ఇల్లు విడిచే బిడ్డ పెట్టెలో ఏమి ఉండవలెనో అతడే నిర్ణయించుకొనవలెను. తూకపు యంత్రం ముందు తలవంచుకొని నిర్ణయించుకొనే దుస్థితి అతనికి రాకూడదు. విద్యాసంస్థగా మనం చేయగలిగిన ఈ చిన్న సాయాన్ని ఈ సంవత్సరమే ప్రారంభింతుము గాక!