మళ్ళీ రానక్కర్లేదని చెప్పే క్యాంపు

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన 1998లో మాదాపూర్ అంటే రాళ్ళగుట్టలే. ఇప్పుడు కొండాపూర్‌లో బయల్దేరి నానక్‌రామ్‌గూడ దాకా వెళ్తే కిమ్స్, మెడికవర్, యశోద, కేర్, ఏఐజీ, కాంటినెంటల్, స్టార్ అంటూ ఆసుపత్రుల బోర్డులు చదువుకుంటూ పోవచ్చు. ట్రాఫిక్ దయవల్ల తీరిగ్గానే చదువుకోవచ్చు. ఇన్ని ఆసుపత్రులున్న చోట రోగాల గురించి చెప్పేవాళ్ళకు కొదవేముంటుంది? సెప్టెంబర్ 29న గుండె దినం, అక్టోబర్ నెలంతా గులాబీ రిబ్బన్లు, నవంబర్ 14న షుగర్ దినం, ఏప్రిల్ 19న లివర్ దినం. ఆదివారం తెల్లారేసరికి ఏదో ఒక జబ్బు పేరు మీద పరుగు ఉంటుంది. టీషర్టు, మెడల్, సెల్ఫీతో అది ముగుస్తుంది. సోమవారం నుంచి ఆఫీసు లాబీల్లో క్యాంపులు. బీపీ చూస్తారు, వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తారు, బరువు తూస్తారు, వెళ్ళేటప్పుడు చేతిలో డిస్కౌంట్ కూపన్ పెడతారు.

ఈ క్యాంపులు దండగని నేననను. బీపీ నొప్పి పెట్టదు, జ్వరం తెప్పించదు. పట్టీ కట్టి చూస్తే తప్ప దొరకదు. లాబీలో రెండు నిమిషాలు ఆగినందుకు అది బయటపడి, పక్షవాతం రాకుండా తప్పించుకునే వాళ్ళుంటారు. నా గొడవల్లా ఆ కూపన్‌తోనే. చెప్పిన సంగతి మనిషిని ఇంటికి పంపుతోందా, ఆసుపత్రి గేటు దగ్గరికి తోలుతోందా అన్నది ఆ కాగితం ముక్క దగ్గరే తేలిపోతుంది.

ఈ ఐటీ కారిడార్‌లో పుట్టిన ఒక మంచి పనితోనే మొదలుపెడతాను. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. నూటికి 84 మంది కాలేయంలో ఉండాల్సినదానికంటే ఎక్కువ కొవ్వు కనిపించింది. 71 శాతం మందికి స్థూలకాయం ఉంది. 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్, అంటే నడుము, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ గీత దాటి జట్టు కట్టిన పరిస్థితి. ఆ ఫలితాలు 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చాయి. అదే ఏడాది కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి. నడ్డా లోక్‌సభకు ఇచ్చిన లిఖిత సమాధానంలోకీ చేరాయి. మన పేపర్లు, చానళ్ళు వాటిని ‘ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్’ అని ఊరంతా చాటాయి. చూసింది ఒక్క నగరంలో 345 మందిని. దేశంలోని లక్షల మంది మీద ఆ అంకె రుద్దడం తొందరపాటు. అయినా అందులో సగమే నిజమనుకున్నా నిద్ర పట్టనంత పెద్ద సంగతే. పైగా వీళ్ళంతా పని చేసే వయసులో ఉన్నవాళ్ళు.

ఆ అధ్యయనం మీద నాకు గౌరవం కలగడానికి వేరే కారణం ఉంది. ఫ్యాటీ లివర్ తొలి దశకు ఆసుపత్రి ఇవ్వగలిగేది బహు కొద్ది. ఆపరేషన్ లేదు, స్టెంట్ లేదు, అడ్మిషన్ అక్కర్లేదు. ముదిరిన దశకు అమెరికాలో 2024లో మొదటి మందు వచ్చింది గానీ, మొదట్లో మందల్లా బరువు తగ్గడమే. శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలో వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. 75 కిలోల మనిషి అయిదు నుంచి ఏడున్నర కిలోలు దిగాలి, అంతే. అది ఐసీయూలో జరిగే పని కాదు. వంటింట్లో, క్యాంటీన్‌లో, మెట్ల మీద జరగాలి.

ఎవరు తగ్గాలో తేల్చడానికీ స్కానింగ్ మిషను దాకా పోనక్కర్లేదు. దర్జీ టేపు చాలు. మన దేశస్థుల్లో మగవాళ్ళ నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళది 80 దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెప్తారు. బీఎంఐ 25 దగ్గరే మనకు స్థూలకాయం కింద లెక్క, పాశ్చాత్యులకు పెట్టిన 30 దాకా ఆగకూడదు. చూడ్డానికి సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్ళు మన దగ్గర చాలామంది కాబట్టి ఈ టేపు మాట మరీ ముఖ్యం. ఏ ఆసుపత్రి హోర్డింగ్ మీదా ఆ 90, 80 అంకెలు నా కంట పడలేదు. రోబో చేతులు, చిరునవ్వుల డాక్టర్లు, ‘ప్యాకేజీ ఇంత మాత్రమే’ అన్న అంకెలు మాత్రం బాగానే కనిపిస్తాయి.

ఇక తిండి సంగతి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు ఉప్పు 5 గ్రాములు, చక్కెర 20–25 గ్రాములు దాటొద్దంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ ఒక్కటి తాగితేనే చక్కెర కోటా దాటిపోతుంది. ఈ ముక్క లాబీ క్యాంపులో డైటీషియన్ చెప్తుంది, పిల్లలు వింటారు. విని పై అంతస్తు ఫుడ్‌కోర్టుకు వెళ్తే అక్కడ అడుగడుగునా ఆ కూల్‌డ్రింకే. అర్ధరాత్రి అమెరికా కాల్, పదకొండింటికి బిర్యానీ డెలివరీ, తెల్లవారుజామున నిద్ర. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు కంపెనీకి కొంత, క్యాంటీన్ కాంట్రాక్టరుకు కొంత, మనకు కొంత. ఆసుపత్రికి నిజంగా చెప్పాలనే ఉంటే ఉద్యోగికి పాంప్లెట్ ఇవ్వడం కన్నా, హెచ్ఆర్ మేనేజర్ ముందు కూర్చుని ‘మీ క్యాంటీన్ మెనూ, మీ షిఫ్టుల పట్టిక తెండి’ అని అడగాలి. అలా అడిగితే వచ్చే ఏడాది క్యాంపు కాంట్రాక్టు పక్కవాళ్ళకి పోతుందేమోనన్న భయం ఉంటుంది. మొహమాటం అక్కడ మొదలవుతుంది.

అవగాహన పేరుతో అక్కర్లేని పరీక్షలు అంటగడితే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 1999లో అక్కడి ప్రభుత్వం కొన్ని క్యాన్సర్లకు పరీక్షలు మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. ఆసుపత్రులు, క్లినిక్కులు మాత్రం ‘కాస్త డబ్బు కడితే మెడ స్కాన్ కూడా తీస్తాం’ అన్నాయి. జనం సరే అన్నారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ళ సంఖ్య మాత్రం మారలేదు. ఎన్నడూ ప్రాణం మీదికి రాని చిన్న గడ్డలకు వేలాది మంది మెడ కోయించుకుని, జీవితాంతం మాత్రలు మింగాల్సి వచ్చింది. 2014లో కొందరు వైద్యులు నిలబడి గట్టిగా మాట్లాడాకే ఆపరేషన్లు తగ్గాయి. ఎనభై, తొంభై పరీక్షలంటూ హెల్త్ చెకప్ ప్యాకేజీలు అమ్మే మన కారిడార్ ఆ కథ తెలుసుకోవాలి. ఏ పరీక్ష ఎవరికి అక్కర్లేదో చెప్పడం కూడా ఆరోగ్య విద్యే.

లాబీలో క్యాంపు జరుగుతుంటే గేటు దగ్గర నిలబడి బ్యాగులు చూసే సెక్యూరిటీ గార్డుకు బీపీ ఎంతో ఎవరు చూస్తున్నారు? పన్నెండు గంటల డ్యూటీ అతనిది. క్యాంపు ఉద్యోగులకే, ఐడీ కార్డు స్కాన్ చేయాలి. హౌస్‌కీపింగ్ అమ్మలు, రాత్రంతా స్టీరింగ్ ముందే ఉండే క్యాబ్ డ్రైవర్లు, పక్క సైట్‌లో నలభయ్యో అంతస్తు కడుతున్న ఒడిశా, బిహార్ కూలీలు, బిర్యానీ తెచ్చే డెలివరీ కుర్రాళ్ళు... వీళ్ళకి ఇన్సూరెన్సు కార్డు ఉండదు కాబట్టి కూపనూ రాదు. కొండాపూర్ ప్రభుత్వాసుపత్రి, 2018 నుంచి మొదలైన బస్తీ దవాఖానాలు వీళ్ళవే. కానీ బస్తీ దవాఖానా తెరిచి ఉండేది పగలు, వీళ్ళు పనిలోనో నిద్రలోనో ఉండే గంటల్లో.

ఆసుపత్రులు చేతకాక వీళ్ళ దగ్గరికి వెళ్ళడం లేదంటే నమ్మను. 2021 జూన్ 6న మెడికవర్ ఆసుపత్రి, సైబరాబాద్ పోలీసులు, సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ కలిసి హైటెక్స్‌లో ఒక్కరోజులో 40 వేల మందికి కోవిడ్ టీకా వేయాలని పెట్టుకుని రంగంలోకి దిగారు. పేరు నమోదు, పార్కింగ్, క్యూలు, సూది, ఆ తర్వాత కాసేపు కూర్చోబెట్టడం దాకా అన్నీ పద్ధతిగా నడిపే ఏర్పాటు చేశారు. అంత యంత్రాంగం ఉన్నవాళ్ళకి ఒక క్యాబ్ స్టాండ్ దగ్గర రాత్రి పదింటికి బల్ల వేయడం ఒక లెక్కా?

జనం దగ్గరికి వెళ్ళడం మనకు తెలియని విద్య కూడా కాదు. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996లోనే అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌కు వెళ్ళింది. తర్వాత ఊళ్ళల్లో చిన్న దృష్టి కేంద్రాలు పెట్టి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. కళ్ళజోడుతో సరిపోయే మనిషి పట్నం రానక్కర్లేకుండా చేయడమే ఆ పద్ధతిలోని కీలకం. ఇక హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ సంగతి. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముతున్న తీపి పానీయాల మీద ఆమె ఎనిమిదేళ్ళు పోరాడారు. విరేచనాలతో ఉన్న పిల్లలకు తల్లులు మందనుకుని చక్కెరనీళ్ళు పట్టేస్తున్నారని వీడియోలు చేశారు, 2022లో హైకోర్టుకు వెళ్ళారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. ఆమె వెనక హోర్డింగులు లేవు, మారథాన్లూ లేవు.

ఇది చదివే హెచ్ఆర్ మేనేజర్లకు ఒక మనవి. వచ్చేసారి క్యాంపుకు సంతకం పెట్టేముందు మూడు షరతులు రాయించండి: గేటు గార్డు నుంచి క్యాబ్ డ్రైవర్ దాకా అందరినీ చూడాలి, కూపన్లు పంచకూడదు, బీపీ షుగర్ బయటపడ్డ ప్రతి ఒక్కరికీ మూడు నెలల తర్వాత ఫోన్ చేసి కనుక్కోవాలి. దానికి ఒప్పుకున్న ఆసుపత్రినే పిలవండి. ఉద్యోగులారా, మీరు ఇవాళ ఇంటికెళ్ళి నడుముకు టేపు పెట్టి చూసుకోండి.