ఆ రక్తం ఎవరిది?

పుట్టి రెండు రోజులైనా కాని బిడ్డ వాంతిలోనో, విరేచనంలోనో రక్తం కనిపిస్తే ఏ ఇల్లయినా హడలిపోతుంది. వైద్యులు ముందు చూసేది రక్తాన్ని కాదు, బిడ్డను. ఒళ్లు పాలిపోయిందా, చల్లబడిందా, పాలు తాగుతోందా? బిడ్డ హుషారుగా ఉంటే తర్వాతి ప్రశ్న: ఆ రక్తం ఎవరిది? ప్రసవ సమయంలోనో, చీలిన చనుమొన నుంచో బిడ్డ మింగిన తల్లి రక్తమే కావచ్చు. ఆ తేడా పట్టేందుకే 1955లో ఆప్ట్ పరీక్ష వచ్చింది. రక్తం కలిసిన నీటిలో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తే తల్లి రక్తం గోధుమ రంగుకు మారుతుంది. శిశువుది గులాబీ రంగులోనే ఉంటుంది. తల్లిదని తేలితే పాలు మాన్పించనక్కర్లేదు.

బిడ్డదే అయితే ముందుగా అనుమానించాల్సింది విటమిన్ కె లోపాన్ని. రక్తం గడ్డకట్టడానికి తప్పనిసరైన ఈ విటమిన్ మాయ ద్వారా బిడ్డకు అందేది స్వల్పం, తల్లిపాలలోనూ తక్కువే. పుట్టగానే తొడకు ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్ ఇస్తే చాలు. ఆసుపత్రుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకాలు జారీ చేసింది. రక్తస్రావం మొదలైతే వైద్యులు అదే విటమిన్‌ను నరానికి ఎక్కిస్తారు, తీవ్రంగా ఉంటే ప్లాస్మా కూడా.

ఇది సూరత్ తెలుగువారు మరింతగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు బడులే పెట్టింది. అయినా తొలి కాన్పు పుట్టింట్లోనే అనే ఆనవాయితీ మనవాళ్లను వదలదు. బిడ్డ కరీంనగర్‌లో పుట్టి, మూడో నెలలో సూరత్ చేరవచ్చు. చిక్కంతా అక్కడే. ఇంజెక్షన్ పడని బిడ్డకు ముప్పు తొలి వారంతో తీరిపోదు, ఆరో నెల దాకా ఉంటుంది. ఆలస్యంగా వచ్చే రక్తస్రావం తరచూ మెదడులోనే. ముక్కు నుంచో, బొడ్డు నుంచో కారిన చుక్క రక్తమే ముందస్తు హెచ్చరిక కావచ్చు. అప్పుడు సూరత్ డాక్టరు అడిగే ప్రశ్నకు జవాబు కరీంనగర్ ఆసుపత్రి చీటీలో ఉంటుంది.

అన్నిటికీ విటమినే కారణం కాదు. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడి ఉండవచ్చు. గంటల్లో శస్త్రచికిత్స కావాలి. నెలలు నిండని బిడ్డకు కడుపు ఉబ్బి, విరేచనంలో రక్తం పడితే పేగు కుళ్లుతోందేమోనని పాలు ఆపి ఎక్స్‌రే తీస్తారు. ఇవేవీ ఇంటి వైద్యానికి లొంగేవి కావు.

రైలెక్కే ముందు బిడ్డ బట్టలతోపాటు ఆ చీటీని కూడా సర్దుకోవాలి. అందులో విటమిన్ కె అన్న మాట లేకపోతే ఆసుపత్రి గడప దాటకముందే అడగాలి.